ఏప్రిల్ మంచు మీద కాపా బండి

మెజెన్ నదికి అటూ ఇటూ ఉన్న ఊళ్లలో కపితొలీనాని అందరూ కాపా అనే పిలిచేవాళ్లు. మొగుడు పోయాక ఆయన నడిపే వ్యాను తనే నడపడం మొదలుపెట్టింది. వేసవిలో పడవరేవు దాకా, చలికాలంలో నది గడ్డకట్టాక మంచు మీదుగా అవతలి టౌనుకి. రొట్టెల బుట్టలు, టపా సంచులు, నిండు చూలాళ్లు, ఒకసారి ఓ ఆవుదూడ కూడా ఆ బండిలోనే నది దాటాయి. మనిషి భారీ, మాట కటువు. మంచు మీదకి దిగేముందు తలుపులు తీసిపెట్టమనేది, బెల్టు పెట్టుకోనిచ్చేది కాదు. మంచు విరిగితే దూకాలి కదా. ఎవరైనా చలికి గొణిగితే, "నీళ్లలో ఇంకా చల్లగా ఉంటుందిలే" అనేది.

ఆ ఏప్రిల్‌లో మంచు బూడిదరంగుకి తిరిగింది. ఒడ్డు వెంట నీళ్లు ఊరుతున్నాయి. దారి మూసేశామని బోర్డు కూడా పెట్టేశారు. ఆ పొద్దున అన్ఫీసా ముసలమ్మ మూట పట్టుకుని వచ్చింది. టౌన్లో ఆమె చెల్లెలు పోయింది. మర్నాడే పాతిపెడతారు.

"దాటించవే కాపా."

"దారి మూసేశారవ్వా. పడవలు తిరిగేదాకా ఆగు."

"అందాకా ఆగమని దానికి చెప్పనా?"

పక్కింటి గెన్నాదీ ఇదంతా కంచె మీంచి విన్నాడు. చేపలు పట్టే మనిషి, కాపాని అక్కా అని పిలుస్తాడు.

"నా కారు తేలికక్కా. నేను ముందు పోతా. నువ్వు దూరంగా నా జాడ పట్టుకుని రా."

ముగ్గురూ కాపా వంటింట్లో కోట్లు వేసుకునే బల్ల మీద కాసేపు కూర్చున్నారు. ప్రయాణం ముందు అలా మాటల్లేకుండా కూర్చోకుండా ఆ ఊళ్లో ఎవరూ గడప దాటరు. గేటు దగ్గరికి వచ్చాక ముసలమ్మకి నల్ల శాలువా మరిచిపోయినట్టు గుర్తొచ్చింది.

"వెనక్కి వెళ్లకవ్వా, మంచిది కాదు," అంది కాపా.

ముసలమ్మ వినలేదు. లోపలికి వెళ్లి శాలువా తీసుకుని, కీడు పోవడానికి అద్దంలో చూసుకుని నాలుక చాపి వచ్చింది.

"అద్దమే జడుసుకుని ఉంటుంది," అన్నాడు గెన్నాదీ నవ్వుతూ.

నది మీద పొగమంచు దట్టంగా ఉంది. ముందు పోతున్న కారు ఎర్రలైట్లు తప్ప ఏమీ కనిపించడం లేదు. చక్రాల కింద నీళ్లు చిందుతున్నాయి. నది మధ్యనున్న దీవి దాటాక, అడుగునుంచి ఎవరో మూలిగినట్టు పొడుగ్గా ఒక శబ్దం వచ్చింది. ముసలమ్మ శిలువ గుర్తు వేసుకుంది. కాపా మళ్లీ ముందుకి చూసేసరికి లైట్లు లేవు.

హారన్ కొట్టింది. జవాబు లేదు. బండి ఆపి దిగింది. చక్రాల జాడ తిన్నగా వెళ్లి నల్లటి నీళ్లలో ఆగిపోయింది. మంచుముక్కలు ఒకదాన్నొకటి మెల్లగా కొట్టుకుంటున్నాయి. మధ్యలో అతని టోపీ తేలుతోంది.

కాపా బోర్లా పడుకుని పాకుతూ తాడు విసిరింది. మళ్లీ లాగి, మళ్లీ విసిరింది. గొంతు పోయేదాకా పిలిచింది.

"లే అమ్మా," అంది వెనకనుంచి ముసలమ్మ. "మన కింద కూడా కదులుతోంది."

బండిని అక్కడే వదిలేసి, ఒకరికొకరు తాడు కట్టుకుని, వచ్చిన దారినే నడిచి ఒడ్డు చేరారు. సాయంత్రానికి బండీ మునిగిపోయింది. చెల్లెల్ని అక్క లేకుండానే పాతిపెట్టారు.

ఒడ్డు చేరగానే కాపా తడిబట్టలతోనే గెన్నాదీ ఇంటికి వెళ్లింది. అతని భార్య తయీసియా పిండి కలుపుతోంది. కాపా మొహం చూసి చేతులు ఆపింది.

"ఎక్కడ?"

"దీవి దాటాక."

శవం దొరక్కుండానే, పోయినవాళ్లని తలుచుకుని భోజనం పెట్టే నలభయ్యో రోజు వచ్చింది. బల్ల మీద అతని ఫోటో, దాని ముందు అతని కోసం, నల్లరొట్టె ముక్కని మూతగా పెట్టిన వోడ్కా గ్లాసు. కాపా తలుపు దగ్గరే కూర్చుంది. తయీసియా వచ్చి ఆమె పళ్లెంలో అట్టు వేసింది.

"ఆయన ముందు పోతానని అనకపోతే, నువ్వు నదిలోకి దిగేదానివా?"

"లేదు," అంది కాపా.

తయీసియా అక్కడే నిలబడింది. గదిలో చెంచాల చప్పుడు ఆగిపోయింది.

"తిను," అంది చివరికి. "చల్లారిపోతోంది."

కాపా తింది. జూన్‌లో దిగువ ఊరివాళ్ల వలకి శవం చిక్కింది. ఊరివాళ్లు కొత్త వ్యాను ఇస్తామన్నా కాపా తీసుకోలేదు. రొట్టెల బట్టీలో పనికి కుదిరింది. ఆ బట్టీ కిటికీలన్నీ నదివైపే ఉండేవి.