హవల్దారు గారి లంకకు

సెలవు మీద ఇంటికొచ్చినవాడు ఇంట్లో ఉండక కొల్లేరుకెందుకు వెళ్లాడని మా అమ్మ ఇప్పటికీ అడుగుతుంది. కారణం ఇది. బెంగుళూరులో నదుల మీద వంతెనలు కట్టే పటాలంలో నేను నాయక్‌ని. అంటే ఓ పదిమంది మీద పెద్దని. ఆ ఏడు వానల్లో మా కెప్టెను దొర నన్ను పిలిచాడు. ఇకమీదట మనుషుల్ని ఏరు దాటించే పని నాయక్‌లకే వదిలేస్తామనీ, గట్టు మీద దొరలెవరూ ఉండరనీ, పడవ ఎప్పుడు దింపాలో ఎప్పుడు ఆపాలో మేమే తేల్చుకోవాలనీ చెప్పాడు. "ఒప్పుకుంటే హవల్దారు శిక్షణకు పంపుతాను. సెలవులో ఆలోచించుకో" అన్నాడు.

నా కింద ఉన్నవాళ్లలో సగానికి పైగా నాకంటే పెద్దవాళ్లు. దొర మాటగా అయితే వాళ్లకు ఏదైనా చెప్పగలను. నా మాటగా ఒక్కటీ చెప్పలేను. నాకు పని నేర్పిన పోతురాజు హవల్దారు గారు పెన్షను పుచ్చుకొని కొల్లేటి లంకలో ఉంటున్నారు. ఆయన్నే అడుగుదామని బయల్దేరాను.

తాడేపల్లిగూడెంలో పొద్దుటి పాసింజరెక్కాను. భాద్రపద మాసం, రైలు కట్టకు రెండు పక్కలా ఊడ్పులైన చేలు, నీళ్లు, మళ్లీ చేలు. మూడో తరగతి పెట్టెలో నా ఎదుట ద్వారకా తిరుమల వెళ్తున్న ఒక ముసలమ్మ కూర్చుంది. నా చొక్కా చేతి మీది పట్టీలను చాలాసేపు చూసింది.

"ఏవండీ బాబూ, ఆ గుర్తులేమిటండీ?"

"నాయక్‌నండీ."

"నాయకుడా! అయితే తవరు చెప్పినట్టు అందరూ వింటారన్నమాట."

"దొర నాకు చెబితే నేను వాళ్లకు చెబుతానండీ."

"అయితే చెప్పేది దొరేగా. తవరు కేకేస్తారు, అంతే" అందామె, ఏ ఎత్తిపొడుపూ లేకుండా. నాకు మాత్రం చురుక్కుమంది. కొండకు వెళ్లేవాళ్లు భీమడోలులో దిగి బండి కట్టించుకోవాలి. ఆమె మూట దింపి పెట్టి, నా చోటికి వచ్చి కూర్చున్నాను.

ఏలూరులో దిగి స్టేషను దగ్గరి పూటకూళ్లింట్లో భోంచేశాను. గోంగూర బాగుంది. అక్కణ్ణుంచి శ్రీపర్రు దాకా ఎడ్లబండి. వానల్లో వెళ్లేవాళ్లు ఈ దారికి తొందర పెట్టుకోకూడదు; చక్రాలు బురదలో కూరుకుపోతే దిగి తొయ్యాల్సిందే. తమ్మిలేరు ఆ వారమంతా పొంగి పారిందనీ, ఆ నీరంతా కొల్లేట్లోకే చేరిందనీ బండివాడు చెప్పాడు.

శ్రీపర్రు రేవులో హవల్దారు గారి లంకవాడే ఒకడు దొరికాడు. పేరు నాంచారయ్య, చేపలు పట్టేవాడు, మా నాన్న ఈడువాడు. తాటి దోనెలో నన్ను కూర్చోబెట్టుకొని గడ వేస్తూ, "హవల్దారు గారికి చలిజ్వరమండీ. మంచం దిగట్లేదు" అన్నాడు. కిక్కిస పొదల మధ్య దోనె సన్నగా జారిపోతోంది. ఒక్కో మలుపులో నీటికోళ్లు లేచి, కొంచెం దూరం ఎగిరి మళ్లీ వాలుతున్నాయి. అంత నీటి మీద అంత నిశ్శబ్దం నేనెక్కడా వినలేదు. కొల్లేరు చూడదలచినవాళ్లు దోనెలో వెళ్లండి, పెద్ద పడవలో వద్దు.

లంక చుట్టూ ఊళ్లోవాళ్లు వేసుకున్న మట్టి గట్టు. లోపల వరి, మధ్యన దిబ్బ మీద ఇళ్లు. బయటి నీరు గట్టుకు జానెడు కిందే ఉంది. హవల్దారు గారు అరుగు మీద మంచంలో, మెడదాకా దుప్పటి కప్పుకొని పడుకొని ఉన్నారు. మీసం నెరిసింది కాని చూపు అదే.

"ఏరా కరీమూ, చిక్కిపోయావేం?" అన్నారు. నా సంగతి మొదలుపెట్టానో లేదో, దోనె కట్టేసి వస్తానన్న నాంచారయ్య పరుగెత్తుకొచ్చాడు.

"అయ్యా! పడమటి గట్టుకు బుంగ పడిందండీ! నీళ్లు చేల్లోకి చిమ్ముతున్నాయండీ!"

హవల్దారు గారు దుప్పటి ఇంకా పైకి లాక్కున్నారు. "నాకు జ్వరం. నాయక్ వచ్చాడుగా, తీసుకెళ్లండి."

"ఈ నీళ్లు నాకు తెలియవండీ" అన్నాను.

"వాళ్లకు తెలుసు. వెళ్లు."

గట్టు మీద ఊరంతా చేరింది. మనిషి తల పట్టేంత బొక్కలోంచి నీరు లోపలికి దూకుతోంది. నేను పెరేడులో అరిచినట్టు అరిచాను. మట్టి తెమ్మన్నాను, గుంజలు తెమ్మన్నాను, అడ్డం లేవమన్నాను. తెచ్చిన తట్టలన్నీ బొక్కలోనే కుమ్మరించారు; పోసిన మట్టి పోసినట్టే కొట్టుకుపోయింది. బొక్క వెడల్పయింది.

నాంచారయ్య నా మోచెయ్యి పట్టుకున్నాడు. "బాబూ, తవరు అందరికీ ఒక్కసారే చెప్పేస్తున్నారండీ. ఎవరేం చెయ్యాలో ఎవరికీ తెలియట్లేదండీ."

కేకలు ఆపాను. ఒక్క క్షణం ఆ మనుషుల ముఖాలు చూశాను. తర్వాత మామూలు గొంతుతో అన్నాను. "నాంచారయ్య గారూ, కొల్లేటి వైపు బుంగ నోరు వెతకడం మీ పని. ఎవరు కావాలో మీరే పిలుచుకోండి." అతని భార్య మంగమ్మకు కిక్కిస కోసి మోపులు కట్టించే పని, సుబ్బన్న అనే రైతుకు మట్టి పని అప్పగించాను. "మీ మనుషులకు మీరే చెప్పుకోండి. నన్నడగనక్కర్లేదు."

సుబ్బన్న మట్టిని గట్టు పాదం దగ్గర తవ్విస్తాడనుకున్నాను, అదే దగ్గరి చోటు. అతను తన మనుషుల్ని దూరంగా ఉన్న కళ్లం దిబ్బ మీదికి నడిపించాడు. వెనక్కి పిలుద్దామని నోటిదాకా వచ్చింది. ఆ పని అతనికి ఇచ్చేశాను కదా అని పళ్లు బిగబట్టాను. చెప్పడం కంటే ఆ ఊరుకోవడమే నాకు కష్టమైంది. పాదం తవ్వితే గట్టు మొత్తం జారేదని సుబ్బన్న తర్వాత చెప్పాడు.

నీళ్లలో కాలితో తడుముతూ వెళ్లిన నాంచారయ్య ఒకచోట "ఇక్కడ లాగుతోందండీ!" అని కేకేసి మునిగాడు. నేనూ రొమ్ములోతు నీళ్లలో దిగి గుంజ పట్టుకున్నాను. కిక్కిస మోపులు దించారు, వాటి మీద మట్టి తొక్కారు. పొద్దు వాలేసరికి లోపలి వైపు ధార సన్నబడి, చెమ్మగా మిగిలింది. మంగమ్మ అందరికీ గంజి తెచ్చింది. ఎవరూ నన్ను పొగడలేదు. చోటిచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నారు.

మర్నాడు హవల్దారు గారే మాట ఎత్తారు. "పెద్ద యుద్ధంలో, బస్రా అవతల, పడవల దగ్గరుండగా మా దొర గుండు తగిలి పడిపోయాడురా. ఆయన నోరు మూతపడితే మా చేతులూ ఆగిపోయాయి. పడవలు విప్పమని ఎవరూ చెప్పలేదని విప్పలేదు. ఎదురుచూస్తూ కూర్చుని, నా పక్కవాళ్లను పోగొట్టుకున్నాను. వాళ్లలో ఎవరు లేచి చెప్పినా వినేవాణ్ణి. నేను లేచినా వాళ్లు వినేవాళ్లే."  ఆ పూట కొర్రమేను పులుసు రెండుసార్లు వడ్డింపించారు.

తిరుగు ప్రయాణంలో దోనె మళ్లీ నాంచారయ్యదే. లంక కనుమరుగయ్యాక నవ్వుతూ అన్నాడు. "మా ఆడది ఓ మాట చెప్పిందండీ. ఆయనకు జ్వరం ఎప్పుడో దిగిపోయిందటండీ. మొన్న పొద్దున గట్టంతా తిరిగొచ్చారట. మనం పనిలో ఉండగా గంజివ్వబోయి చూసిందంట, దుప్పటి కింద బూట్లు తొడుక్కునే ఉన్నారండీ!"

"మరి రాలేదేం?"

"తవరున్నారు గదండీ. అదుపు తప్పితే లేచొచ్చేవారేనండీ, ఆయ్."

నవ్వొచ్చింది, కళ్లూ చెమ్మగిల్లాయి. వెనక్కి తిరిగి చూస్తే కిక్కిస తప్ప ఏమీ కనబడలేదు.

ఏలూరులో సాయంత్రం బండి ఎక్కాను. కిటికీ పక్కన చోటు దొరికింది. ఆ నీటి దేశంలో ఎవరిని దారి అడిగినా చెయ్యి చూపించి ఊరుకోరు, కొంత దూరం వెంట వస్తారు. నాకు మిగిలిన జ్ఞాపకం అదే.

గూడెం స్టేషనులో నాన్న నిలబడి ఉన్నాడు.

"ఏం చెప్పాడురా మీ హవల్దారు?"

"ఏమీ చెప్పలేదు నాన్నా. పడుకునే ఉన్నారు."

"అంత దూరం వెళ్లింది అందుకా! మరి దొరకేం చెబుతావు?"

"శిక్షణకు వెళ్తానని చెబుతాను" అన్నాను.