కూర్మయ్య చూసిన చెవులు

ఎవరు ఎదురైనా కూర్మయ్య ముందు చెవి పట్టుకునేవాడు. తనది కాదు, వాళ్లది. బొటనవేలితో తమ్మె నిమిరి, తల వెలుగువైపు తిప్పి, ఒక కన్ను మూసి చూసేవాడు. ఆ తర్వాతే పలకరింపు.

"ఇది మీ తాత సెవి. ఆయన పనసతొనలు తిని మూడ్రోజులు మంచం దిగనేదు. నివ్వు తినకు."

అతను వైద్యుడు కాడు. అక్కుపల్లిలో కొబ్బరితోట ఉన్న రైతు. మనిషి ఒంట్లో కొత్తదంటూ ఏదీ ఉండదని, ముక్కు నుంచి మోకాలి నొప్పి దాకా అన్నీ ముందువాళ్లు వాడి విడిచినవేనని అతని నమ్మకం. అతని మాట విని ఆ ఉద్దానం తోటల ఊళ్లలో సగంమంది పనసపండు మానేశారు. మిగతా సగం అతను కనబడితే తలగుడ్డ చెవుల మీదికి లాక్కునేవాళ్లు.

పలాసకి రైలు వచ్చిన కొత్తలో కూర్మయ్య టిక్కెట్లు అడిగే ఉద్యోగి చెవి కూడా పట్టుకున్నాడు.

"ఏమిటయ్యా ఇది?"

"మీ మేనమావది బట్టతల కదా బాబూ?"

ఉద్యోగి చెయ్యి టోపీ మీదికి వెళ్లింది. "అవును. నాకూ వస్తుందా?" అన్నాడు చిన్నగా. టిక్కెట్టు సంగతి ఇద్దరూ మరిచిపోయారు.

ఒక జ్యేష్ఠమాసంలో అదే ఊరి బొడ్డమ్మ అతనికి కబురు పెట్టింది. ఆమె కోడలు చిన్నతల్లి ఇరవై రోజుల బాలెంత. మర్నాడు బిడ్డని ఉయ్యాలలో వెయ్యాలి. బిడ్డవి పిల్లికళ్లు.

"మా ఇంటా వంటా నేవు ఈ కళ్లు," అంది బొడ్డమ్మ. "మావోడని తేలితే ఉయ్యాల. నేకపోతే బండి కట్టించి దీన్ని భావనపాడు పంపేత్తాను, పుట్టింటికి."

కొడుకు తవిటయ్య నేల చూస్తున్నాడు. చిన్నతల్లి కూర్మయ్యనే చూస్తోంది.

కూర్మయ్య బిడ్డ చెవి పట్టుకున్నాడు. "ఇంకేటి, ముమ్మాటికీ తవిటయ్య సెవే!"

"సెవులెవడిక్కావాలి మావా? కళ్లు సెప్పు."

కూర్మయ్య రెండో కన్ను కూడా మూశాడు.

"మీ మావగారివి," అన్నాడు చివరికి. "అచ్చం ఇయ్యే పిల్లికళ్లు."

ఆ మావగారు బొడ్డమ్మ కాపురానికి రాకముందే మశూచితో పోయాడు.

"ఆయన్ని ఎరిగినోళ్లలో నివ్వు కాక కాసులమ్మత్తే మిగిలింది. రేపు ఉయ్యాలకి వత్తాది. అడుగుతాను," అంది బొడ్డమ్మ.

మర్నాడు తెల్లవారేసరికి కూర్మయ్య తోటలు దాటి పక్క ఊళ్లో కాసులమ్మ అరుగు మీద ఉన్నాడు. భుజాన పనసపండు.

"పదేళ్లనుంచీ ముట్టనియ్యనేదు. ఇయాలేటిరా?" అంది ముసలమ్మ.

"నివ్వు తినొచ్చు పిన్నీ. కొంచెం." అని సంగతి చెప్పాడు.

"ఆయనవి పిల్లికళ్లేటిరా! నేరేడుపళ్లలాగ నల్లగా ఉండీవి."

"నాకు తెల్దా పిన్నీ? కానీ సెవి మాత్రం ఆ ఇంటిదే. ఒట్టు. సెవి సెప్తే ఇనరు."

కాసులమ్మ చెయ్యి చాచి అతని చెవి పట్టుకుంది. తమ్మె నిమిరింది.

"మీ యమ్మ సెవే. అదీ ఇలాగే అబద్దాలాడి కాపురాలు నిలబెట్టీది," అంది. "సరే. మరీ పిల్లికళ్లని సెప్పీనా, కొంచెం పిల్లికళ్లని సెప్పీనా?"

"మరీ," అన్నాడు కూర్మయ్య. పండు కొయ్యడానికి చేతులకు నూనె రాసుకున్నాడు.