సూరమ్మ దిష్టి

చోడవరం బజారులో చిక్కుడుకాయలు ఏరుతుంటే ఒకదానికి నల్లగా పేనుబంక కనిపించింది.

చిన్నప్పుడు మా నాయనమ్మ పెంచిన చిక్కుడు పాదుకూ ఇదే పట్టింది. ఆమె రోజూ పొద్దున్నే, మంచు తడి ఆరకముందే ఆకుల మీద బూడిద చల్లేది. ఉప్పు వేస్తే జలగ చావడం చూసినవాణ్ణి కదా, ఎవరికీ చెప్పకుండా బకెట్టు నీళ్లలో ఉప్పు కలిపి పాదంతా పోశాను. నాలుగు రోజుల్లో పాదు మాడిపోయింది.

“మొన్న బలే కాసిందన్నావు కదే! నీ దిష్టే కొట్టేసింది,” అంది నాయనమ్మ, పక్కింటి సూరమ్మతో.

“నాను సూసి మురిసిపోయేను గానీ ఏడవనేదప్పా,” అంది సూరమ్మ.

నేను గుమ్మంలోనే ఉన్నాను.

ఇద్దరూ పోయాక ఇప్పుడు చెబుతున్నాను, ఆ పాదును చంపింది నేను. బతికినన్నాళ్లూ సూరమ్మ ఎవరి పెరడు పక్కగా వెళ్లినా తల దించుకునే నడిచేది.