టైలరుగారి చెవుడు

టైలరుగారికి కుట్టుమిషనంటే ప్రాణం. బట్టలు కుట్టడానికే కాదు, భార్య పిలిచినప్పుడు "చప్పుడులో వినపడలేదే" అనడానికి కూడా అది బాగా పనికొచ్చేది. నిజం చెప్పొద్దూ, ఇన్నేళ్లుగా ఆయన కాపురం ఆ ఒక్క మాట మీదే హాయిగా నడిచింది. వంటింటి కుళాయి కారుతోందన్నా, అటక మీది డబ్బా దించమన్నా ఆయనకు వినపడదు. పాపం ఆవిడేమో నిజంగానే చెవులు పాడయ్యాయని బెంగపెట్టుకుంది.

ఆ సంగతి మేనకోడలికి తెలిసింది. నలుగురూ ఒకేసారి మాట్లాడుతుంటే మనిషి చెవి ఏ గొంతును పట్టుకుంటుందో, దేన్ని వదిలేస్తుందో ముందే లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాం తయారుచేయడం ఆ పిల్ల ఉద్యోగం. దాన్ని పరీక్షించడానికి ఆలుమగల జంటలు కావాలట.

"ఓసారి రా మావయ్యా, నీ చెవుల సంగతి కూడా తేలిపోతుంది" అంది.

చెవుడని కంప్యూటరే తేల్చేస్తే ఇక జీవితాంతం గొడవుండదు కదా! టైలరుగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ బయల్దేరారు.

చప్పుడు చొరబడని చిన్న గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు తగిలించారు. భార్య చేత ముందే కొన్ని వాక్యాలు చదివించి రికార్డు చేశారు. మొదట ఆవిడ గొంతూ, ఒక పరాయి గొంతూ కలిపి వినిపించారు. ఆవిణ్ణి వదిలేసి, పరాయి మనిషి అన్నది చెప్పాలి. ఆయన ఇట్టే చెప్పేశారు.

"పెళ్లాం గొంతుని ఇంత బాగా వదిలేసినవాళ్లు ఇంతవరకూ లేరు మావయ్యా" అంది మేనకోడలు.

గది అద్దాల కిటికీ అవతల కూర్చున్న భార్య మొహం మాడిపోయింది. ఆయన మాత్రం పొంగిపోయారు. అక్కడే కొంప మునిగింది. మెప్పు తలకెక్కి, వచ్చిన పని మర్చిపోయారు.

రెండోసారి భార్య గొంతే వినాలి. దాన్ని బాగా తగ్గించి, మీద నలుగురి గోల పెట్టారు. సగం మాటలైనా అందవని ప్రోగ్రాం లెక్క. టైలరుగారు మాట పొల్లుపోకుండా అప్పజెప్పి, "మధ్యలో ఓసారి నిట్టూర్చింది కూడా" అన్నారు.

"నా లెక్కే తప్పింది అత్తయ్యా. అలవాటైన గొంతు కదా, ఎంత గోలలోనైనా పట్టేస్తున్నాడు. కావాలనుకుంటే వదిలేస్తున్నాడు కూడా."

"మిషను చప్పుడులోనూ పట్టేస్తారా?" అని అడిగింది ఆవిడ మెల్లగా.

"మిషనెంత అత్తయ్యా!"

ఇద్దరూ ఇంటిదారి పట్టారు. ఆయన చెవులు బాగున్నందుకు సంతోషించాలో, ఇన్నాళ్లు బెంగపడినందుకు ఏడవాలో ఆవిడకే తెలియలేదు.

ఇంటికి రాగానే ఆయన మిషను ముందు కూర్చుని, ఎన్నడూ లేనంత గట్టిగా తొక్కడం మొదలుపెట్టారు. వంటింట్లోంచి ఆవిడ, ఎప్పటిలా అరవకుండా, తనలో తాను అనుకున్నట్టు అంది.

"కుళాయి."

టైలరుగారు మిషనాపి, పానా వెతుక్కుంటూ లేచారు.