మూడోగేరు పెద్దల్లుడు

కొండ రోడ్డు మీద బండి నడిపేవాళ్ళెవరూ అతన్ని పేరు పెట్టి పిలవరు. అందరికీ అతను "మూడోగేరు". ఒళ్ళు మండినప్పుడు పెళ్ళాం కూడా అదే పేరుతో పిలుస్తుంది. ఆ పేరు ఊరికే రాలేదు మరి. ఏటి ఒడ్డు నుంచి పైన ఊళ్ళోకి ఎక్కే రోడ్డులో ఒక పెద్ద మలుపుంది. సరుకుతో వచ్చిన ఏ బండైనా అక్కడ మూలిగి, ముక్కి, రెండో గేరులోకి దిగాల్సిందే. ఇతను మాత్రం కింద కల్వర్టు దగ్గరే ఊపు అందుకుని మూడో గేరు వేసేవాడు. ఇక పైదాకా క్లచ్ మీద కాలు పెట్టేవాడు కాదు. బండి ముసలి డీజిల్ పికప్. రంగు ఎండకి వెలిసిపోయింది. ఎడం పక్క తలుపు రెండుసార్లు కొడితేగానీ పడదు. అయినా ఆ రోడ్డుకి అతనే రాజు.

అత్తగారికి ఏటి ఒడ్డున మొక్కల నర్సరీ ఉంది. వారం వారం కుండీలన్నీ పై ఊరి సంతకి ఎక్కించే పని పెద్దల్లుడిదే. ఆవిడ ముందు సీట్లో కూర్చుని, నారు పోసిన ట్రే ఒళ్ళో పెట్టుకుని, దారి పొడుగునా కునుకు తీసేది. పైకి చేరాక కళ్ళు తెరిచి, "అప్పుడే వచ్చేశామా నాయనా?" అనేది. ఆ ఒక్క మాట కోసం అతను వారమంతా ఎదురు చూసేవాడంటే అతిశయోక్తి కాదు. అమ్మ లేని మనిషి. ఆ మాట ఇంకెవరంటారు?

అంతా బాగానే ఉంది, తోడల్లుడు బండి కొనేదాకా.

మరదలి మొగుణ్ణి అందరూ చిన్నల్లుడనే పిలుస్తారు. మెత్తగా మాట్లాడతాడు, ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు. మూడోగేరు దృష్టిలో అదే అతని మొదటి నేరం. రెండోది ఆ బండి. మరీ కొత్తదేం కాదు, కానీ అయిదు గేర్లది, ఇంజను బలం పెంచే టర్బో ఉన్నది. తలుపు ఒక్క వేలితో తోస్తే చాలు, టప్పుమని మెత్తగా పడుతుంది. బండి తెచ్చిన రోజు అత్తగారింట్లో అందరూ చుట్టూ మూగారు. మూడోగేరు చేతులు వెనక్కి కట్టుకుని, టైర్లని చూస్తున్నట్టు నటిస్తూ అడిగాడు.

"పెద్ద మలుపు ఏ గేర్లో ఎక్కుతుంది తమ్ముడూ?"

"నాలుగులో అన్నయ్యా," అన్నాడు చిన్నల్లుడు నవ్వుతూ.

నాలుగు! అరికాలి మంట నెత్తికెక్కింది మనవాడికి. పైకి మాత్రం "బాగుంది, బాగుంది" అని భుజం తట్టాడు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు.

ఆ రోజు నుంచీ అతనికి కునుకు లేదు. ఎదురుగా వచ్చే డ్రైవరు "ఏం మూడోగేరూ!" అని చెయ్యి ఊపితే, అది పలకరింపా, వెక్కిరింపా అని ఊరు చేరేదాకా ఆలోచించేవాడు. కల్వర్టు దగ్గర ఊపు అందుకోవడం మానేసి బండిని తరమడం మొదలుపెట్టాడు. మలుపులో నాలుగు వెయ్యబోతే బండి వణికిపోయేది, మళ్ళీ మూడు, మళ్ళీ రెండు, మళ్ళీ మూడు. ఆ కుదుపులకి వెనక కొన్ని కుండీలు పగిలాయి. పగలవా మరి, మట్టి కుండీలు! ముందు సీట్లో అత్తగారు కునుకు తీయడం మానేసి పైన కడ్డీ పట్టుకుని కూర్చునేది. అది అతని కంట పడితే కదా. అతని కళ్ళు అద్దంలో ఉన్నాయి, వెనక చిన్నల్లుడి బండి వస్తోందేమోనని.

ఒక సంత రోజు ఉదయం వెళ్ళేసరికి కుండీలన్నీ చిన్నల్లుడి బండిలో ఎక్కి కూర్చున్నాయి.

"ఈ వారం చిన్నల్లుడు తీసుకెళ్తాడు నాయనా. నువ్వు కాస్త విశ్రాంతి తీసుకో," అంది అత్తగారు, అతని మొహం చూడకుండా.

విశ్రాంతట! తల తీసేసినట్టయింది. ఆవిడ చిన్నల్లుడి పక్కన ఎక్కి కూర్చుంది, తలుపు టప్పుమని పడింది. వాళ్ళు మలుపు తిరిగేదాకా అతను అక్కడే నిలబడ్డాడు. అద్దంలోంచి ఆవిడ నవ్వు కనిపించిందని ఇంటికొచ్చి ప్రమాణం చేసి చెప్పాడు.

"మా అమ్మ నవ్వితే కూడా తప్పేనా? మీ కడుపు మంటకి ఇంట్లో పొయ్యి వెలిగించక్కర్లేదండీ," అంది భార్య.

"నీకేం తెలుసు? నా బండి ముసలిదైపోయిందని పక్కన పెట్టారు. ఇవాళ బండి, రేపు నేను."

"అమ్మ అలా అందా?"

"అనాలా ఏంటి?"

"ఎందుకు మార్చావని ఒక్క ముక్క అడిగితే మీ సొమ్మేం పోయింది?"

అతను అడగలేదు. అలా అడిగేవాడైతే ఈ కథే లేదు. మర్నాడు పొద్దున్నే బండి తీసుకుని, డీజిల్ బళ్ళు బాగుచేసే పంపు మేస్త్రీ దగ్గరికి వెళ్ళాడు.

పంపు మేస్త్రీ షెడ్డులో ఎప్పుడూ ఏదో ఒక డీజిల్ పంపు విప్పి గుడ్డ మీద పరిచి ఉంటుంది. ఆయన విన్నదంతా విని, బోనెట్ ఎత్తి, కిందికి దూరి చూసి, చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు.

"ఇంజను గట్టిదే. టర్బో పెట్టి, ఇంజెక్టర్లు మార్చి, పంపు నుంచి డీజిల్ పెంచితే లాగుతుంది. కానీ ఈ క్లచ్చూ, ఈ నాలుగు గేర్ల బాక్సూ ఆ బలం తట్టుకోలేవు. అవీ మార్చాలి."

"మార్చెయ్. మా తోడల్లుడి బండికి ఉన్న బాక్సే కావాలి. అయిదు గేర్లది."

"గేర్ల నంబర్లు చూసి బండి నడపకు గురూ. ఆ బాక్సులో..."

"నాలుగో గేర్లో మలుపు ఎక్కుతుందా, ఎక్కదా?"

"ఎక్కుతుంది."

"ఇంకేం మాట్లాడకు."

మేస్త్రీ భుజాలెగరేసి పనిలోకి దిగాడు. పని జరిగినన్నాళ్ళూ మూడోగేరు షెడ్డు వదల్లేదు. పాత బాక్సు విప్పి కింద పెడితే, నూనె కారుతున్న ఆ ఇనప ముద్దని చూసి గుండె కాస్త కలుక్కుమంది గానీ, వెంటనే చిన్నల్లుడి నవ్వు గుర్తుకొచ్చి గట్టిపడింది. కొత్త బాక్సు కూర్చోవడానికి కింద అడ్డపట్టీ కోసి అతికారు, షాఫ్టు కురచ చేశారు. బరువైన క్లచ్ వేశారు. స్టార్ట్ చేస్తే ముసలి ఇంజను గొంతు మారిపోయి, ఈల వేసింది.

"టర్బో ఆలస్యంగా అందుకుంటుంది, అందుకుందంటే ఎగిరి తంతుంది. క్లచ్ కూడా గట్టిది, గబుక్కున పట్టేస్తుంది. చెయ్యి కుదిరేదాకా మెల్లిగా పోనీ," అన్నాడు మేస్త్రీ.

ఆ మాట చెవికెక్కితే కదా! ఖాళీ బండితో మలుపు ఎక్కి చూశాడు. నాలుగులో, అవును, నాలుగులో! పైకెళ్ళి ఒంటరిగా బండి ఆపుకుని, పిచ్చివాడిలా నవ్వుకున్నాడు.

అదే వారం పై ఊళ్ళో కొత్త హోటలు వాళ్ళు బోలెడు మొక్కలు అడిగారు. ఒక బండికి పట్టవు. సగం సగం వేసుకోమంది అత్తగారు. పొడుగాటి కాగితంపూల కుండీలు, ఏళ్ళ తరబడి కత్తిరించి, తీగ చుట్టి, గొడుగులా పెంచినవి, పెద్దల్లుడి బండిలో పెట్టించింది. పాపం, ఆవిడ మనసు ఊరుకోలేదు, పెద్దవాణ్ణి చిన్నబుచ్చానని. తను మాత్రం చిన్నల్లుడి బండి ఎక్కింది. మనవాడి కంటికి కాగితంపూలు ఆనలేదు. ఆవిడ ఎక్కిన సీటే కనబడింది.

కల్వర్టు దాకా చిన్నల్లుడి వెనకే వెళ్ళాడు. మలుపు మొదట్లో హారన్ కొట్టాడు. చిన్నల్లుడు మర్యాదగా పక్కకి జరిగాడు. ఆ మర్యాద చూస్తే ఇంకా మండింది. మూడు వేశాడు, తొక్కాడు, బండి ఒక్క క్షణం ఆలోచించి, ఎగిరి తన్నింది. నాలుగు వేశాడు, క్లచ్ గబుక్కున పట్టింది, బండి మళ్ళీ తన్నింది. నల్లటి పొగ చిన్నల్లుడి అద్దం నిండా కొట్టింది. దాటేటప్పుడు అత్తగారి వైపు చూసి చెయ్యి ఊపాడు కూడా. ఆవిడ రెండు చేతులూ ఎత్తి ఏదో అరుస్తోంది. మెచ్చుకుంటోంది అనుకున్నాడు.

హోటలు ముందు బండి ఆపి, మీసం మెలేసుకుంటూ వెనక్కి వెళ్ళాడు. వెనక తలుపు ఊడి వేలాడుతోంది. బండి నిండా మట్టి, పెంకులు, విరిగిన కొమ్మలు. నిలబడి ఉన్న కుండీలు రెండో మూడో. మిగతావి అసలు బండిలోనే లేవు.

చిన్నల్లుడు చాలాసేపటికి వచ్చాడు. మలుపులో దొర్లిపోయిన మొక్కల్ని ఏరి, గోనె సంచుల్లో చుట్టి, తన కుండీల మధ్య ఇరికించుకుని తెచ్చాడు. అత్తగారి ఒళ్ళో గొడుగు మొక్క ఒకటి ఉంది, నడిమికి విరిగింది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అతన్ని దాటుకుని లోపలికి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

"నాలుగో గేర్లోనే ఎక్కాను," అన్నాడు మూడోగేరు, ఏమనాలో తోచక. "నీలాగే."

చిన్నల్లుడు మొక్కలు దించుతూ ఆగాడు. "అన్నయ్యా, ఈ బాక్సులో ఒకటో గేరు బురదలోంచి లాగడానికి పెట్టింది. మామూలుగా వాడం. దీని నాలుగూ, మీ పాత మూడూ ఒకటే. మేస్త్రీని అడిగే తెలుసుకున్నాను. మీరు ఎక్కినట్టు మధ్యలో గేరు మార్చకుండా ఎక్కాలంటే ఏది వెయ్యాలి అని."

ఇన్నాళ్ళూ ఏడ్చింది తన గేరు చూసుకునేనా? మూడోగేరు సిగ్గుతో చచ్చిపోయాడు. అయినా చెప్పొద్దూ, ఆ సిగ్గులో కూడా, ఈ సంగతి తనకంటే ముందు వాడికి తెలిసిందని ఒక మూల చురుక్కుమంది.

తర్వాతి సంత రోజు ఖాళీ బండి వేసుకుని నర్సరీకి వెళ్ళాడు. రమ్మని ఎవరూ అనలేదు. గేటు దగ్గర ఆపి, స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. కుండీలు చిన్నల్లుడి బండిలో ఎక్కుతున్నాయి. అత్తగారు చూసింది. లోపలికెళ్ళి గ్లాసు నిండా నీళ్ళు తెచ్చింది. తనకే అనుకుని చెయ్యి చాచాడు. ఆవిడ ఇవ్వలేదు. ముందు సీట్లో ఎక్కి కూర్చుని, గ్లాసు డాష్‌బోర్డు మీద పెట్టింది.

"పద నాయనా. ఇది ఒలక్కుండా పైకి చేర్చు. మొక్కల సంగతి తర్వాత."

అతను బండి తీశాడు. కల్వర్టు దగ్గర మెల్లిగా ఊపు అందుకున్నాడు. క్లచ్‌ని వెంట్రుక వాసి చొప్పున వదులుతూ నాలుగు వేశాడు, ఇక దాని మీంచి కాలు తీసేశాడు. ముందు చిన్నల్లుడి బండి, నిండా కుండీలతో, తాపీగా పోతోంది. రోడ్డు ఖాళీ. తొక్కితే మలుపు ముగిసేలోపే వాణ్ణి దాటేయొచ్చు. కాలు దురద పుట్టింది. టర్బో ఈల మొదలుపెట్టింది. గ్లాసులో నీళ్ళు అంచు దాటబోయి వణికాయి. పళ్ళు బిగబట్టి కాలు తేలిక చేశాడు. పైదాకా తోడల్లుడి వెనకే, వాడి బండి వెనక నంబరు చదువుకుంటూ వెళ్ళాడు.

ఊళ్ళో ఆపేసరికి డాష్‌బోర్డు మీద చిన్న తడి, అంతే. అత్తగారు కళ్ళు మూసుకుని ఉంది. కునుకు తీసిందో, దడిసి మూసుకుందో తెలీలేదు. కళ్ళు తెరిచి గ్లాసు వైపు చూసింది.

మనవాడు ఉండబట్టలేకపోయాడు. "చిన్నల్లుడు ఎంత ఒలికించాడు అత్తయ్యా?"

ఆవిడ అతని మొహంలోకి చూసింది, చాలా రోజుల తర్వాత.

"వాడికి నేనెప్పుడూ గ్లాసు పెట్టలేదు. వాడు నిన్ను చూసి నేర్చుకున్నాడు నాయనా. నువ్వు వాణ్ణి చూసి మర్చిపోయావు."

ఆ నీళ్ళు ఆవిడే తాగేసి, ఖాళీ గ్లాసు అతని చేతిలో పెట్టి, తలుపు రెండుసార్లు కొట్టి వేసి వెళ్ళింది. అతను దిగి, చిన్నల్లుడి బండి దగ్గరికి నడిచి, కుండీలు దించడానికి చెయ్యి వేశాడు.