షెడ్డులో పలికి, రోడ్డు మీద మూగబోయిన ఓవర్‌డ్రైవ్

ముందే చెప్పేస్తున్నాను, ఆ కారంటే నాకు ఒళ్ళుమంట. ఇద్దరు మాత్రమే పట్టే ఇంగ్లీషు కారు. పైన గుడ్డ కప్పు, ముందు బారెడు ముక్కు. కరెంటాఫీసులో ఉద్యోగం చేసే మా నాన్నగారు, ఏదో నవాబుగారి దేవిడీలో మూలపడున్న దాన్ని ముచ్చటపడి కొనుక్కొచ్చి, మూసాపేటలో మా కిరాయి ఇంటి ముందు నిలబెట్టారు. వీధిలో అందరివీ సైకిళ్ళు. మేం ఆ కారులో బయల్దేరితే గడపగడపకీ ఒక తల బయటికొచ్చేది. నేను ఓణీ తలమీదికి లాక్కుని, సీట్లో ఎంత కిందికి జారగలనో అంతా జారేదాన్ని. కాలేజీలో చదివే పిల్లకి అంతకంటే అవమానం ఏముంటుంది?

ముందటి ఎండాకాలం నాన్నగారికి పక్షవాతమొచ్చి ఎడమ పక్క పడిపోయింది. మూతి త్వరగానే సర్దుకుంది, కాలూ సర్దుకుంది. చెయ్యి కూడా పూర్తిగా వచ్చేసిందని దవాఖాన నుంచి వచ్చిన కొన్నాళ్ళకి ఆయనే ప్రకటించారు. అమ్మ నమ్మలేదు.

"కారు అమ్మేద్దామండీ, నా మాట వినండి" అని రోజూ బతిమాలేది.

"ఇదివరకటిలాగే బెజవాడ దాకా నడిపి చూపిస్తాను. అప్పుడు మాట్లాడు" అన్నారాయన.

అమ్మ సరేనంది. బెజవాడ వెళ్ళొస్తే కారు ఉంటుంది, లేకపోతే పోతుంది. సరిగ్గా అప్పుడే ఓవర్‌డ్రైవ్ మొరాయించింది.

ఓవర్‌డ్రైవ్ అంటే టాప్ గేరు మీద ఇంకో అర గేరు అనుకోండి. ఖాళీ రోడ్డు మీద స్టీరింగు పక్కనున్న స్విచ్చు వేస్తే, కారు వేగం తగ్గకుండానే ఇంజను నెమ్మదిస్తుంది. అది లేకుండా బెజవాడ బయల్దేరితే ఇంజను దారిపొడుగునా గోలపెడుతుంది. దానికన్నా ముందు అమ్మ గోలపెడుతుంది.

మా వీధి చివరి షెడ్డులో మెకానిక్‌ది పటాన్‌చెరు వైపు ఊరు, నోరు పెద్దది. గేరుపెట్టెలో ఆయిల్ పోశాడు, వైర్లు మార్చాడు. ఇంజను ఆపి, తాళంచెవి మాత్రం తిప్పి, గేరు లివరు టాప్‌లోకి లాగి స్విచ్చు వేశాడు. కారు కింద 'టక్'మంది.

"ఇనబడ్డదా సార్? మస్తుగున్నది. ఇగ ఫికర్ చెయ్యకుండ్రి" అన్నాడు.

రోడ్డెక్కితే టక్కూ లేదు, ఏమీ లేదు. మళ్ళీ షెడ్డు, మళ్ళీ టక్. "ఏంది సార్ గిది, నన్ను పరేషాన్ చేస్తున్నది! నా దగ్గర మంచిగనే పలుకుతది, మీతోని బయటికొస్తే మూగవోతది" అని తల గోక్కున్నాడు. కుదుపులకి వైరు కదులుతోందని ఓసారి, వేడికి ఏదో బిగుసుకుంటోందని ఓసారి అన్నాడు. తను నడిపి చూస్తానని మాత్రం అనలేదు. సార్ పక్కనుండగా సార్ సీట్లో కూర్చోవడం అతని దృష్టిలో మర్యాద కాదు. మా ఇంట్లోనూ ఎవరి దృష్టిలోనూ కాదు. అందరం ఆ కారుని చెవులతోనే పరీక్షించాం.

ఒక ఆదివారం నాన్నగారు "భౌతికశాస్త్రం చదువుతున్నావుగా, రా" అని నన్ను వెంటబెట్టుకెళ్ళారు. బొంబాయి రోడ్డు మీద కారు ఆపి, నన్ను కిందికి దూరి వైరు చూడమన్నారు. నా కాళ్ళు రోడ్డు మీద, తల కారు కింద. అప్పుడే వచ్చిన బస్సు కావాలనే నెమ్మదించింది, కిటికీల్లోంచి ఒకటే ఈలలు. నాన్నగారు సిగ్గుపడలేదు సరికదా, "ఓవర్‌డ్రైవండీ, ఓవర్‌డ్రైవ్!" అని బస్సులోవాళ్ళకి వివరిస్తున్నారు. భూమి చీలితే బాగుండుననిపించింది నాకు.

లింగంపల్లి దాటి నల్లగండ్ల వైపు తిరిగాక రేడియేటరు ఆవిర్లు కక్కింది. ఇప్పుడక్కడ అపార్ట్‌మెంట్లు గానీ, అప్పట్లో బండలూ జొన్నచేలూ. కాస్త ఎడంగా కల్లు దుకాణం, దాని వెనక బావి. ఆడపిల్ల అటు వెళ్ళకూడదని, నీళ్ళకి నాన్నగారే డబ్బా పట్టుకెళ్ళారు.

విసుగొచ్చి, ఎడమ సీట్లోంచే తాళంచెవి తిప్పి, మెకానిక్ చేసినట్టే లివరు లాగి స్విచ్చు వేశాను. టక్. మళ్ళీ లాగాను. టక్. ఈసారి కాస్త ముందే ఆపాను. గేరు పడ్డట్టే ఉంది, కానీ చప్పుడు లేదు. లివరు చివరంటా వస్తేనే లోపల ఏదో నొక్కుకుని కరెంటు వెళ్తోందన్నమాట. షెడ్డులో లివరు లాగేది మెకానిక్. రోడ్డు మీద నాన్నగారు, ఎడమ చేత్తో. ఆ చేతి వేళ్ళు లివరుని పట్టుకోవు. మణికట్టుతో తోస్తారు, అది చివరంటా రాదు. ఇన్నాళ్ళూ పక్కనే కూర్చుని చూస్తూ కూడా చూడలేదు.

తలెత్తితే నాన్నగారు నిలబడి ఉన్నారు. నీళ్ళ డబ్బా కుడి చేతిలో, ఎడమ చెయ్యి జేబులో. ఎప్పుడొచ్చారో, ఎన్ని టక్‌లు విన్నారో తెలీదు. ఎవరో స్నానం చేస్తుంటే పొరపాటున నేను తలుపు తీసినంత సిగ్గు ముంచుకొచ్చింది నాకు. బస్సు ముందు పడ్డ సిగ్గు దీని ముందు ఏపాటిది!

"వైరేనండీ. వదులైనట్టుంది. బిగించాను" అన్నాను.

"బిగించావా. మంచిది" అన్నారాయన. నా చేతిలో పానా లేదు. ఆయన చూశారు.

రేడియేటరు చల్లారాక నీళ్ళు పోసి బయల్దేరాం. బొంబాయి రోడ్డు ఖాళీగా ఉంది. టాప్‌లోకి తోశారు, స్విచ్చు వేశారు. ఇంజను అదే గోల. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని రోడ్డుకేసి చూస్తున్నాను. కాస్త దూరం పోయాక, నా వైపు తిరక్కుండా, "నువ్వూ ఓ చెయ్యి వెయ్యమ్మా" అన్నారు.

ఆయన చేతి మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది, పసిపిల్లాడి చెయ్యిలా బరువే లేదు. ఇద్దరం కలిసి లాగాం. కింద టక్‌మంది, ఇంజను గొంతు దిగింది, కారు హాయిగా సాగిపోయింది. "అదీ! విన్నావా?" అన్నారు. వినిపించిందన్నాను. కూకట్‌పల్లి దాకా నా చెయ్యి తియ్యనివ్వలేదు ఆయన. నాకు ఆయన మొహం చూడ్డానికి సిగ్గు, చెయ్యి తియ్యడానికి అంతకన్నా సిగ్గు.

అమ్మ గుమ్మంలోనే ఉంది. "బాగైందా?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోగా నాన్నగారు తాళంచెవి తీసి అమ్మ చేతిలో పెట్టారు.

"బ్రహ్మాండంగా పనిచేస్తోంది. ఇక అమ్మెయ్యొచ్చు."