చంద్రుణ్ణి వాచీతో కొలిచిన సంగతి

అమీర్‌పేటలో ఉండి నేను చంద్రుడి మీదికి లేజర్ వదిలాను. నా చేత్తో వదిలాను, నా వాచీతో దూరం కొలిచాను, సెంటీమీటరు తేడా రాలేదు. ఈ మాట ఒక నిండు హాల్లో చెప్పాను. నిండు అన్నది కూడా కొంచెం సర్దుకోవాలి. ముందు వరసలు నిండాయి. వెనక కుర్చీల్లో పక్క గదివాళ్ళ కంప్యూటర్ అట్టపెట్టెలు కూర్చున్నాయి.

అప్పట్లో ఊరంతా సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటోంది. అమీర్‌పేటలో ఏ మెట్లెక్కినా జావా, ఏ మెట్లు దిగినా టెస్టింగ్. నేనేమో ప్రభుత్వ కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరై, పంజాగుట్టలో ఇంట్లో ఉన్నాను. వినేవాళ్ళు లేక నోరు ఎండిపోతోంది. ఒకరోజు కూరలాయనకి తక్కెడ ఎందుకు మొగ్గుతుందో వివరించబోతే, తక్కెడనే అనుమానించానని అలిగి మా వీధికి రావడం మానేశాడు. "ఏంటండీ, వినేవాళ్ళెవరైనా ఉంటే వెళ్ళి చెప్పుకోండి, ఇంటికి కూరలు రానివ్వండి" అంది మా ఆవిడ.

అందుకే ఒక ఇన్‌స్టిట్యూట్‌లో ఎమ్మెస్సీ ఎంట్రన్సుకి ఫిజిక్స్ బ్యాచ్ పెడుతున్నారని తెలియగానే ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. అమీర్‌పేటలో ఏ కోర్సుకైనా ముందు ఉచితంగా డెమో క్లాసు చెప్పాలి. పిల్లలు పెళ్ళిచూపులకి వచ్చినట్టు వస్తారు, ఏ మాటా చెప్పకుండా పక్క వీధిలో ఇంకో డెమోకి పోతారు. డెమో నచ్చితే బ్యాచ్ నడుస్తుంది, లేదంటే మాస్టారు ఇంటికి పోవాలి. బ్యాగు ఒళ్ళో పెట్టుకుంటే లేచిపోయేవాళ్ళని, నేల మీద పెడితే చేరేవాళ్ళని ఓనరు నాకు ముందే గుర్తు చెప్పాడు.

ఆ ఓనరు తెలంగాణ మనిషి, నాకంటే చాలా చిన్నవాడు. ఆ వీధిలో ప్రతి బోర్డు మీదా 'రియల్ టైమ్ ఫ్యాకల్టీ' అని ఉంటుంది. అంటే పాఠం చెప్పేవాడు ఆ పని కంపెనీలో చేసి వచ్చినవాడని అర్థం. "గా మాట లేకుంటే గీడ ఎవ్వరు కూసోరు సార్. మీరు యాడన్న పని చేసిన్రా?" అని అడిగాడు. గురుత్వాకర్షణలో పుట్టినప్పటి నుంచీ పని చేస్తున్నానని, ఒక్కరోజు సెలవు దొరకలేదని చెప్పాను. ఆయన నవ్వలేదు. "గా ముచ్చట బోర్డు మీద ఎట్ల రాస్తం సార్?" అన్నాడు. పిల్లలు చెయ్యని ఉద్యోగాలు బయోడేటాలో ఎక్కించుకుంటున్న రోజులవి. నేనేం తక్కువ తిన్నానని, చంద్రుడి ప్రాజెక్టులో చేశానన్నాను. మర్నాటికి నేనూ చంద్రుడూ బోర్డెక్కాం.

డెమోకి ఫుట్‌పాత్ మీద కొన్న లేజర్ పెన్నూ, సైకిలు వెనక ఉండే ఎర్ర రిఫ్లెక్టరూ పట్టుకెళ్ళాను. దాని మీద వెలుగు ఎటునుంచి పడినా, వచ్చిన దారినే తిరిగి పోతుంది. చంద్రుడి మీద దిగిన మనుషులు ఇలా పనిచేసే అద్దాలే అక్కడ పెట్టి వచ్చారు. ఇక్కడి నుంచి లేజర్ మెరుపు వదిలి, అది తిరిగి వచ్చేందుకు పట్టిన సమయం కొలిస్తే దూరం తేలుతుంది. ఇంతవరకు నిజమే. ఇక్కడ ఆగితే ఏ గొడవా లేదు. ఆగలేదు. నేనే కొలిచానన్నాను.

రెండో వరసలో, హాస్టల్లో ఉండి చదువుకునే ఒక అమ్మాయి లేచింది. ఒళ్ళో బ్యాగు చంకకి మారింది. వెలుగు పోయి రావడానికి ఎంతసేపు పడుతుందని అడిగింది. రెండున్నర సెకన్లన్నాను. దేనితో కొలిచారంది. చెయ్యెత్తి, రిటైర్మెంటు రోజు తోటి లెక్చరర్లు పెట్టిన వాచీ చూపించాను. దానికి స్టాప్ బటన్ కూడా ఉంది.

ఆ అమ్మాయి కాసేపు లెక్కేసుకుంది. "బటన్ వొత్తుట్ల మీ బొటనవేలు జర లేటైందనుకోండ్రి సార్. రెప్ప కొట్టేంత. గంతల్నే చంద్రుడు వేల కిలోమీటర్లు అవతలికి పోతడు. మరి మీకు సెంటీమీటర్ ఎట్ల దొరికింది?"

హాలంతా నవ్వింది. నా బొటనవేలు తనంతట తనే అరచేతిలోకి ముడుచుకుంది. గుమ్మంలో నిలబడ్డ ఓనరు ఫ్యాను వైపు చూడడం మొదలుపెట్టాడు.

"కోతలు కోశానమ్మా" అన్నాను. "నేను ఏ లేజరూ వదల్లేదు."

ఇక దాచేది లేదు కనక మిగతాది తిన్నగా చెప్పాను. కొలిచేవాళ్ళ దగ్గర ఉండేది వాచీ కాదు, సెకనులో వందకోటో వంతుని కూడా మళ్ళీ ముక్కలు చేసే గడియారం. లెక్కలేనన్ని వెలుగు రేణువులు పైకి పంపితే ఒకటి తిరిగొచ్చినా వాళ్ళకి పండగే. డెమోలు చెప్పేవాళ్ళకి ఆ పండగ బాగా తెలుసు. ఇంత శ్రమా గురుత్వాకర్షణకి పరీక్ష పెట్టడానికి. భూమి కడుపులో ఇనుము ఎక్కువ, చంద్రుడిలో తక్కువ, అక్కడ దాదాపు అంతా రాయే. ఇద్దర్నీ సూర్యుడు లాగుతున్నాడు. ఇనుముకో న్యాయం, రాయికో న్యాయం ఉంటే చంద్రుడి దారి కాస్త సూర్యుడి వైపుకో, అవతలికో ఒరగాలి. ఆ ఒరుగు కొలతల్లో కనబడాలి. ఏళ్ళ తరబడి వెతుకుతున్నారు, ఇంతవరకు కనబడలేదు.

ఇంతలో తర్వాతి జావా బ్యాచ్ పిల్లలు వచ్చి గోడల వెంట నిలబడ్డారు. నా పాఠానికి మంత్రముగ్ధులై నిలబడ్డారని రాయాలనే ఉంది. వాళ్ళ టైమ్ అయిందని నిలబడ్డారు.

"అయితే గ్రావిటీ పాసైనట్టేనా సార్?" అంది ఆ అమ్మాయి.

"ఇప్పటిదాకా పాసే."

"మీరు ఫెయిల్ సార్. రేపు సప్లిమెంటరీ పెట్టుకోండ్రి. వాచీ ఇంట్ల పెట్టి రాండ్రి."

బ్యాగు భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయింది. ఆమె వెనకే అందరూ వెళ్ళారు. రేపొక్కరోజు చూద్దాం అన్నాడు ఓనరు, నా మొహం చూడకుండా.

మర్నాడు ఖాళీ మణికట్టుతో వెళ్ళాను. బోర్డు మీద నా పేరు పక్కన చంద్రుడు లేడు, తెల్ల రంగు పూసి ఉంది. హాల్లో అట్టపెట్టెలు తప్ప ఎవరూ లేరు. బల్ల మీద సైకిలు రిఫ్లెక్టరు పెట్టుకుని, గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నాను. చాలాసేపటికి ఆ అమ్మాయి వచ్చింది. వెంట హాస్టల్ స్నేహితురాళ్ళు, వందమంది. సరే, నలుగురు. రెండో వరసలో కూర్చుని, బ్యాగు తీసి నేల మీద పెట్టింది.

ఆ చప్పుడు చంద్రుడి దాకా వినిపించింది. పోనీ, నా బల్ల దాకా.